కాలువ చివర ఇసుక గీకే రోజు

పార తిరగేసి పట్టుకోండి. తవ్వడానికి కాదు, గీకడానికి.

మే నెల ఆఖరి వారం, తెల్లవారుజాము నాలుగున్నర. కృష్ణ పశ్చిమ డెల్టా చివరనున్న అడవులదీవి పొలిమేరలో మంచినీళ్ల చెరువు గట్టు పక్కన, నీళ్లు దించేసిన ఒక ఫిల్టరు బెడ్డులో నిలబడి ఉన్నారు మీరు. చుట్టూ నడుమెత్తు సిమెంటు గోడ. చీకట్లో ఎటు తిరిగినా రొయ్యల చెరువుల్లో తిరుగుతున్న ఏరియేటర్ల చప్పుడే. కాళ్ల కింద ఇసుక ఉండాలి గానీ మెత్తగా జారుతోంది. టార్చి వేస్తే తెలుస్తుంది, ఇసుక మీద ఆకుపచ్చా నలుపూ కలిసిన పాచి పొర. చెప్పులు బయటే విప్పించాడు వాటర్‌మన్.

"లోతుకు పోనీయబాకండి సార్. పైపైన అర అంగుళం తీస్తే చాలు. ఇసుక తరిగిపోయిందంటే మళ్లా పోయించేదెవరు?"

వంగి గీకండి. రెండు బారలు గీకేసరికి నడుం పట్టేస్తుంది. పాచి చుట్టలు చుట్టుకుని పార ముందు పోగుపడుతుంది. దాని కింద తడి ఇసుక తేటగా, పసుపుపచ్చగా బయటపడుతుంది. ఆ ఇసుక మీటరు మందం దాకా ఉంటుంది. దాని కింద కంకర, కంకర కింద చిల్లుల గొట్టాలు. మోటారుతో నెట్టే పని లేదు. చెరువు నీళ్లు పైన నిలిచి, తమ బరువుకు తామే మెల్లగా దిగుతాయి. చదరపు మీటరు ఇసుక గంటకు వంద లీటర్లు వడకడుతుంది, అంతకంటే తొందరపెడితే వడపోత చెడుతుంది. రోజంతా ఆగకుండా నడిస్తే 2,400 లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున ఆ ఒక్క చదరపు మీటరు నలభై మూడు మందికి సరిపోతుంది. మీరిప్పుడు నిలబడిన మేర ఒక వీధి బతుకుతుందన్నమాట.

తమాషా ఏమిటంటే, మీరు గీకి పారేస్తున్న ఈ పాచే అసలు వడపోత. ఇసుక ఊరికే ఆసరా. కంటికి కనపడని జీవాలు ఆ జిగటలో కాపురముండి, నీటితో వచ్చే రోగక్రిములను తినేస్తాయి. కొన్నాళ్లకు పొర మందమై నీళ్లు దిగనివ్వదు. అప్పుడు గీకాలి. గీకాక కొత్త పొర కట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, అందాకా ఆ బెడ్డు నీళ్లను నమ్మకూడదు. అందుకే బెడ్లు జంటగా కడతారు, ఒకటి కోలుకునేదాకా రెండోది మోయాలి. రెండోది కూడా మూసుకుపోతే? వాటర్‌మన్ ఈ ప్రశ్నకు జవాబివ్వడు. తట్ట అందిస్తాడు.

ఈ పాత పద్ధతిని తక్కువ చేసి చూడకండి. 1892లో జర్మనీలోని హాంబుర్గ్ నగరంలో కలరా వచ్చి ఎనిమిది వేల ఆరు వందల మంది దాకా చనిపోయారు. దానికి ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం తాగేదీ అదే ఎల్బే నది నీరే. అదీ హాంబుర్గ్‌కు దిగువన, ఆ నగరం మురుగంతా కలిశాక. అయినా ఆల్టోనాను కలరా పెద్దగా తాకలేదు. వాళ్లకు ఇసుక బెడ్లున్నాయి, హాంబుర్గ్‌కు అప్పటికి లేవు. అందరి మురుగూ దాటొచ్చిన నీళ్లు తాగే దిగువ ఊరును కాపాడింది ఇసుకా, దాన్ని వేళకు గీకిన మనుషులూ. అడవులదీవి అలాంటి దిగువ ఊరే. కృష్ణ పశ్చిమ డెల్టాలో ఇక్కడికి వచ్చే నీళ్లు ఎన్ని ఊళ్ల గట్లు కడుక్కుని వస్తాయో గట్టెక్కి చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కండి. తూర్పున వెలుగొస్తోంది. ఎడమ చేతి పక్క చెరువు, కుడి చేతి పక్క కాలువ. చెరువులో నీళ్లు అడుగుకు వచ్చేశాయి. మెట్ల మీద తడి గుర్తులు ఒకదాని కింద ఒకటి వరసగా కనిపిస్తాయి, వారం వారం ఎంత దిగిందో ఆ గుర్తులే లెక్క. వాడకం ఒక ఎత్తు, ఎండ ఒక ఎత్తు. ఈ రోజుల్లో ఎండ ఒక్కటే రోజుకు అర సెంటీమీటరుకు పైగా తాగేస్తుంది. కాలువ సంగతి సరేసరి. రబీ నీళ్లు అయ్యాక పైన కట్టేశారు. అడుగున బురద పెళ్లలు విచ్చి, గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు చాపలా పరుచుకుంది. మధ్యలో ఒక గేదె ఇంకా ఏదో తడి వెతుక్కుంటోంది.

ఈ ఎండు కాలువను పట్టుకుని పైకి, పైకి నడిచారనుకోండి. రేపల్లె సీమ, ఆపైన మూడు కాలువల తెనాలి, ఆపైన దుగ్గిరాల లాకులు. కడకు సీతానగరం కొండ పక్కన ప్రకాశం బ్యారేజీ తల తూములు. 1852లో మొదలుపెట్టి 1855లో చార్లెస్ ఓర్ పూర్తి చేయించిన ఆనకట్ట అక్కడే ఉండేది. అది 1952లో తెగింది, దాని బదులు 1957కల్లా బ్యారేజీ లేచింది. అక్కడ పూర్తి మట్టం సముద్రానికి 57 అడుగుల ఎత్తు. డెల్టా కాలువల కథంతా ఆ 57 అడుగుల్ని ఎంత పొదుపుగా ఖర్చు పెట్టుకుంటూ సముద్రం దాకా రావాలన్నదే. పై ఊళ్లు వాడుకోగా, చివరి ఊరికి వచ్చేసరికి ఎత్తూ మిగలదు, నీళ్లూ మిగలవు.

నీళ్లు లేక కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, కట్టిన నాటి నుంచీ ఎన్నడూ చూడనంత. అంటే పావుగంటకు ఒక టీఎంసీ. పది వేల మంది ఉన్న ఊరికి, మనిషికి 55 లీటర్లు, రెండు నెలల పాటు ఎన్ని నీళ్లు కావాలో లెక్క కట్టండి. మూడు కోట్ల ముప్పై లక్షల లీటర్లు. ఆ వరదలో అది ఇంచుమించు ఒక్క సెకను. ఆ ఒక్క సెకను నీళ్లను దాచి పెట్టుకోవడానికే ఈ చెరువు, ఈ బెడ్లు, ఈ గీకుడు.

ఆరవుతోంది. వాటర్‌మన్ సైకిలు మీద వాల్వు తాళం అడ్డంగా పెట్టుకున్నాడు. ఆ ఇనుప కడ్డీ కొన టీ ఆకారంలో వంచి ఉంటుంది. వెనకాలే నడవండి. రోడ్డు పక్క సిమెంటు గుంట మూత ఎత్తి, కడ్డీ దించి, నాలుగు చుట్లు తిప్పుతాడు. గొట్టంలో ముందు గాలి బుసకొడుతుంది. ఆ చప్పుడుకే ఇళ్లల్లోంచి బిందెలు బయటికొస్తాయి. నాలుగు చుట్లకు ఒక వీధి, ఆరు చుట్లకు రెండు వీధులు. ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటి దాకా ధార వెళుతుందో ఏ పటంలోనూ ఉండదు, ఈయన మణికట్టుకు తెలుసు. ఈయన జ్వరం వచ్చి పడుకున్న రోజు ఊరికి నీటి పటం లేనట్టే.

"ఏందయ్యా, ఇయ్యాల ఇంత సన్నంగా వస్తంది?" గేటు దగ్గర్నుంచి ఒక పెద్దావిడ.

"చెరువే సన్నబడింది పిన్నీ. రేపట్నుంచి దినం తప్పి దినం."

"మా ఇంటి పంపుకు మోటారు బిగించుకోమంటావా మరి, ఆళ్ల మాదిరి?"

ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఎవరెవరు పైపుకు నేరుగా మోటారు బిగించి లాగుతున్నారో ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు. పేర్లు చెప్తే సాయంత్రానికి పంచాయతీ ఆఫీసులో గొడవ. మోటారు లాగుడుకు గొట్టంలో పీడనం పడిపోతుంది. అప్పుడు అతుకు వదులైన చోటల్లా పక్కనున్న మురుగు లోపలికి జొరబడుతుంది. ఊళ్లో ఒక వీధికి మాత్రమే వాంతులు, విరేచనాలు వచ్చాయని వింటే నేను ముందు అనుమానించేది చెరువును కాదు, ఇలాంటి అతుకుల్ని.

వీధి చివరి పంపు దగ్గర ఆగండి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, సీసాలోంచి రెండు మూడు చుక్కలు వేస్తాడు. నీళ్లు లేత పసుపుకు తిరిగితే క్లోరిన్ ఇక్కడిదాకా వచ్చినట్టు, తిరగకపోతే దారిలోనే ఖర్చయినట్టు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని నియమం. బ్లీచింగ్ పౌడరు సంచి విప్పి ఉంచితే దాని సత్తువ రోజురోజుకూ ఎగిరిపోతుంది. కొత్త సంచికి చాలిన కొలత పాత సంచికి చాలదు. ఇవాళ పసుపు తిరిగింది, కళ్లు చికిలించి చూస్తే.

2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు దేశంలో పల్లెల ఇళ్లకు కుళాయిలు 3.23 కోట్లు. ఇప్పుడవి పదిహేను కోట్లు దాటాయి. చిన్న పని కాదది, మా అమ్మమ్మల నడుములకు అది ముందే వచ్చుంటే బాగుండేది. కానీ లెక్క వేసేది కుళాయిలకు. ఇవాళ ఎన్ని బెడ్లు గీకారు, ఎవరు గీకారు, గీకినవాడికి కూలి వచ్చిందా అన్నది ఏ డ్యాష్‌బోర్డులోనూ నేను చూడలేదు. గొట్టం ఒకసారి వేస్తే అయిపోతుంది, శిలాఫలకమూ ఒకసారే. పాచి మాత్రం నెల తిరక్కముందే మళ్లీ పడుతుంది.

అసలు ఈ నీళ్లు ఎవరివి అని అడిగి చూడండి. కాలువ జలవనరుల శాఖది. చెరువూ బెడ్లూ కట్టింది గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లు. నడపాల్సింది పంచాయతీ, 1992 నాటి 73వ సవరణ తాగునీటిని పంచాయతీల పనుల జాబితాలో పెట్టింది. కుళాయి డబ్బుల్లో ఢిల్లీ వాటా ఉంది. కరెంటు కరెంటోళ్లది. హైదరాబాదుకైతే 1989 నుంచి ఒక జలమండలి ఉంది, నీళ్లూ మురుగూ రెండూ దాని నెత్తినే. తిట్టాలన్నా ఒక అడ్రసుంది. ఇక్కడ ఇన్ని శాఖలూ కలిసే చోటు ఒక్కటే, ఆ సైకిలు మీది వాల్వు తాళం.

ఎండెక్కకముందే ఒక పని చేయండి. వీధిలో ఎవరి పెరట్లోనైనా చేతిపంపు కొట్టి, ఒక గుక్క నోట్లో పోసుకోండి. మింగొద్దు. నాలుక రెండు పక్కలా పట్టేస్తుంది, సబ్బు నురగ రాని ఉప్పు. ఈ తీరంలో మంచినీళ్లు భూమి లోపల సముద్రపు నీటి మీద తేలుతుంటాయి. సముద్ర మట్టానికి పైన అడుగు మంచినీరుంటే, కింద నలభై అడుగుల దాకా మంచినీరుంటుందని డచ్చి, జర్మనీ ఇంజనీర్లు నూరేళ్ల కిందటే లెక్క తేల్చారు. తిరగేస్తే భయం వేస్తుంది. బోరు వేసి పైనున్న ఆ అడుగును తోడేస్తే, కింది నుంచి ఉప్పు నలభై అడుగులు లేస్తుంది. ఇసుక నేలల రైతులకు ఈ లెక్క తెలియకుండానే తెలుసు. వాళ్లు లోతుకు పోరు. ఇసుకలో వెడల్పాటి గుంట తవ్వి, ఊరిన పైనీటినే కడవలతో ముంచుకుంటారు. అదే దొరువు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఆ దొరువునే మెరుగుపరిచింది. కొన్ని మీటర్ల లోతులో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, ఊరిన నీటిని నడిమి బావిలోకి చేర్చి, మీగడ తీసినట్టు పైనీళ్లు తోడే ఏర్పాటు చేసింది. పొలానికి అది బాగుంది. చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు కమ్ముకున్న చోట ఊరి దాహానికి దాన్ని నమ్ముకోలేం.

క్లోరిన్ ఉప్పును చంపదు. ఇసుక ఉప్పును వడకట్టదు. అందుకే ఊళ్లో ఇరవై లీటర్ల టిన్నులు తిరుగుతుంటాయి. అదిగో ట్రాలీ ఆటో వస్తోంది. ఇందాకటి పెద్దావిడే మీ ఎదురుగా టిన్ను దించుకుంటోంది. పంపు నీళ్లు స్నానానికీ బట్టలకీ, టిన్ను నోటికి. "చెరువు నీళ్లు బానే ఉండేయి నాయనా, చిల్లగింజ అరగదీసి వేసుకుని తాగేవాళ్లం. ఇప్పుడు పిల్లలు ఒప్పుకోరు." ఈ ఊరి తాగునీటి ఏర్పాటు మీద జనాభిప్రాయం ఏమిటో ఇంతకంటే సూటిగా ఏ సర్వే చెప్పలేదు.

ఉప్పు మాట వచ్చింది కనక ఒక్క నిమిషం ఉరుగ్వే దాకా వెళ్లొద్దాం. అక్కడ దేశమంతటికీ ఒకే ప్రభుత్వ నీటి సంస్థ, పేరు ఓఎస్ఈ, 1952లో పుట్టింది. 2004లో ప్రజలు ఓటు వేసి మరీ, నీళ్లు మానవ హక్కు, సరఫరా ప్రభుత్వమే చేయాలి అని రాజ్యాంగంలో రాయించుకున్నారు. అంతటి సంస్థకూ 2023 కరువులో రాజధాని మాంటెవీడియో జలాశయం అడుగంటింది. దిక్కులేక, సముద్రపు పోటు తగిలే నదీముఖం నీళ్లు కలిపి కుళాయిల్లో వదిలారు. క్లోరైడు పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములుంటే తాత్కాలికంగా 720కి పెంచారు. జనం వీధుల్లోకొచ్చారు, ప్రభుత్వం నీటి అత్యవసర పరిస్థితి ప్రకటించింది, ప్రపంచమంతా రాసింది. మన దేశపు ప్రమాణాల పుస్తకం తెరవండి. క్లోరైడు 250 దాకా అంగీకారం, వేరే నీటి వనరు లేకపోతే 1,000 దాకా సరే. వాళ్లు కరువులో సిగ్గుపడుతూ ఒప్పుకున్నదానికంటే ఎక్కువ ఉప్పును మనం మామూలు రోజుల కోసం అచ్చేసి పెట్టుకున్నాం. వేరే వనరు లేని ఊళ్లంటే ఏ ఊళ్లు? ఇవే కదా.

ఇక వచ్చిన నీళ్లు ఎటు పోతాయో చూడాలి. రండి, ముక్కు మూసుకోనక్కర్లేదు, అలవాటవుతుంది. పెరటి గట్టు మీంచి వీధి కాలువ, వీధి కాలువ నుంచి మురుగు కాలువ. భూగర్భ డ్రైనేజీ మాట ఇక్కడెవరూ ఎత్తరు, ఎత్తినా వాలు ఏదీ? ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి వచ్చింది, దాని కింద సిమెంటు వరల గుంట. వానాకాలంలో ఈ నేలలో మోకాలి లోతు తవ్వితే నీళ్లు ఊరతాయి. అంటే ఆ నెలల్లో గుంట నీళ్లలోనే నిలబడి ఉంటుంది, పెరట్లో చేతిపంపు దానికి నాలుగు బారల దూరంలో. డెల్టా మురుగు కాలువల కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది, కానీ అది పొలం మీది వాననీటి గురించి, ఇంటి నీటి గురించి కాదు.

మురుగు కాలువ గట్టు మీద కాసేపు నిలబడండి. మీరు చూస్తున్న నీళ్లు వెనక్కి నడుస్తున్నాయి. కళ్లు మోసం చేయలేదు, పోటు సమయం. సముద్రం లోపలికి తోస్తోంది, మురుగు ఊరి వైపు తిరిగింది. మళ్లీ పాటుకు దిగుతుంది, మడ చెట్ల మధ్య నుంచి మొగలోకి. రోజుకు రెండు సార్లు ఈ రానూపోనూ. అడవులదీవికి మురుగు సంస్థ అంటూ ఉంటే అది ఈ పోటుపాట్లే. తుపాను రోజున సంస్థ పని మానేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో మురుగు కాలువ, పంట కాలువ, రొయ్యల చెరువు, వీధి అన్నీ ఒకే నీరవుతాయి. వాటర్‌మన్ అప్పుడు చూసేది ఒక్కటే, చెరువు గట్టు పైకి నీళ్లెక్కాయా లేదా. ఉప్పు ఒక్కసారి చెరువులో పడితే గీకి పారేయడానికి అది పాచి కాదు.

జూన్‌లోకి రండి. కాలువ లస్కరు ఫోను చేశాడు: పైన వదిలారు, దుగ్గిరాల దాటింది. గోదావరి నీళ్లట, పట్టిసీమ ఎత్తిపోతలవి. అవి కృష్ణలో కలిసి, కాలువ పట్టుకుని ఇక్కడిదాకా వస్తాయి. ఊరంతా గట్టు మీదికొస్తుంది. ముందు ఒక నల్లటి నాలుక బురద మీద పాకుతూ వస్తుంది, ముందంతా చెత్త, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క, కుళ్లిన కంప. ఎండిన చెరువు పక్కన నిలబడి, అన్నాళ్లు ఎదురుచూసిన నీళ్లు కళ్లముందు పోతుంటే, వాటర్‌మన్ తూము ఎత్తడు.

"ఎత్తవేందయ్యా?" ఒక రైతు గదమాయిస్తాడు. ఆయన ఇంజను గట్టు మీద సిద్ధంగా ఉంది, నారుమడి ఎండుతోంది.

"ఇది కడుగు నీళ్లు బాబాయ్. తేట పడ్డాక ఎత్తుతా."

"తేట పడేలోపు పైనోళ్లు కట్టేస్తే?"

"కట్టెయ్యరు. చెరువులు నిండేదాకా పొలానికి ఇంజన్లు పెట్టగూడదని ఆర్డరు గూడా వచ్చింది. నువ్వా ఇంజను పక్కకు తీయి ముందు."

"ఆర్డరా! పైన తెనాలి దగ్గర ఎన్ని ఇంజన్లు ఆడతన్నాయో చూసొచ్చా నేను. చివరోడికే ఆర్డర్లు."

రైతు అన్నది నిజం. వాటర్‌మన్ చేస్తున్నదీ సరైన పనే. మీరు ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకునేలోపు ఆయన తూము మరకు గ్రీజు పూసి, రెండో బెడ్డులోకి దిగాడు. కొత్త నీళ్లు బురదతో వస్తాయి, పొర తొందరగా మూసుకుపోతుంది. అందుకే చెరువు నిండకముందే ఇదీ గీకి ఉంచాలి. మీకు కూడా ఒక పార చూపిస్తున్నాడు.